ఉసేనమ్మ మామిడిపండ్లు, నా సిమెంటు

ఇన్నేళ్లుగా మనసులో మోస్తున్న బరువు ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఠక్కున చెప్పగలను. ఒక గంప మామిడిపండ్లంత. నవ్వకండి. నిజంగా మామిడిపండ్లే. కొల్లాపూర్ వైపు పండేవి, గదిలో పెడితే వీధి చివరి దాకా వాసన కొట్టే రకం.

నా పేరు చెప్పను. వనపర్తిలో ఎముకల డాక్టరును, అంతవరకు చాలు. మనిషిని భోజనప్రియుణ్ణి, మాటకారిని, రోగులను నవ్విస్తానని పేరుంది. ఆ మంచి పేరు కింద ఒక అబద్ధం ఉంది. చాలా చిన్నది, ఒక్క ఊపిరిలో అనేసినది. మీరు నాకు చుట్టం కారు, పక్కం కారు, నన్ను నిలదీయలేరు కూడా. అందుకే మీకు చెబుతున్నాను. ఊహూ, అదీ పూర్తి నిజం కాదు. ఇదివరకే ఒకచోట చెప్పేశాను, అదీ గొంతు చించుకుని. కానీ అరిచి చెప్పినప్పుడు మాటలు సరిగ్గా అమరవు కదా. ఇప్పుడు నిదానంగా, మొదటి నుంచి చెప్పుకోవాలని ఉంది.

రెండువేల దశకం మొదటి రోజులు. ఉసేనమ్మది కోడేరు దగ్గర ఒక చిన్న ఊరు. పల్లి, జొన్న పండే మెట్టచేను, ఇంటి వెనక నాలుగు మామిడిచెట్లు. పీర్ల పండుగ నాడు పుట్టిందని ఆ పేరు పెట్టారట. అరవై దాటకముందే కుడి మోకాలు అరిగి, వంకర తిరిగి, నాలుగడుగులు వేస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లు తుడుచుకుంటూనే పరాచికాలాడేది. "నా నడక జూసి మా ఎద్దు గూడ నవ్వవట్టె సారూ" అనేది. మోకాలి కీలు మార్పిడి అంటే అప్పుడు మా వైపు అందరూ హైదరాబాదు పోవలసిందే. నేను అక్కడే మా గురువుగారి దగ్గర ఆ పని నేర్చుకుని వచ్చాను. సొంత ఊళ్లో, సొంత దవాఖానలో చేసి చూపించాలని చేతులు దురద పెడుతున్న వయసు నాది.

కొత్త కీలును ఎముకకు అతికించేది బోన్ సిమెంటు. పొడి, ద్రవం కలిపితే మొదట జావలా జారుతుంది, కాసేపటికి పిండిముద్ద అవుతుంది, ఆ తర్వాత రాయి. చేతి తొడుగుకు అంటుకోకుండా పిండిముద్దగా ఉన్న ఆ కాసేపట్లోనే ఎముక రంధ్రాల్లోకి దిగేలా ఒత్తి, దానిమీద కొత్త కీలు అడుగుభాగాన్ని, అంటే లోహపు పీఠాన్ని కూర్చోబెట్టాలి. వేడి తగిలితే ఆ వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. అందుకని మా పాలమూరు ఎండాకాలంలో సిమెంటు డబ్బాలను ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇది నాకు తెలియదా? ఎందుకు తెలియదు! నర్సులను వరుసగా నిలబెట్టి పాఠం చెప్పినవాణ్ణి నేనే.

ఆపరేషన్‌కు ముందురోజు ఉసేనమ్మ వచ్చి చేరింది. ఒక చేతిలో కర్ర, వెనక ఆమె కొడుకు నెత్తిన గంప. "ముందుగాల ఇవి తిను సారూ, చేతులకు బలమొస్తది" అంది. నేను తినేశాను కూడా, అక్కడే, రసం మోచేతి దాకా కారుతుంటే. మిగతావి ఎండకు మగ్గిపోతాయేమోనని బెంగపడ్డాను. మా చిన్న దవాఖానలో ఫ్రిజ్ ఒక్కటే. తలుపు తీశాను. ఇంజెక్షన్లను ఒక మూలకు నెట్టాను. సిమెంటు డబ్బాలు అడ్డమొచ్చాయి. వాటిని తీసి ఫ్రిజ్ నెత్తిన పెట్టాను, మళ్లీ లోపల పెడదామనే. పండ్లను ఒక్కొక్కటే ముద్దుగా లోపల పేర్చాను. డబ్బాల సంగతి మరిచిపోయాను.

ఫ్రిజ్ నెత్తి ఎంత వేడిగా ఉంటుందో ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా?

మర్నాడు ఆపరేషన్ సగంలో కరెంటు పోయింది. మా జనరేటరు లైట్లను లాగుతుంది కానీ ఏసీని లాగలేదు. చెమట కంట్లోకి కారుతోంది. ఫ్రిజ్ నెత్తిన ఉండిపోయిన ఆ డబ్బాలే తెచ్చి నర్సు సిమెంటు కలిపి చేతికిస్తే, తీసుకోగానే తెలిసిపోయింది. గోరువెచ్చగా ఉంది. పిండిముద్ద కావలసింది అప్పటికే బిర్రబిగుసుకుంటోంది. అక్కడ ఆగి ఉండొచ్చు. దాన్ని పారేసి ఇంకో డబ్బా తెప్పించి, ఐసు మీద పెట్టి, కొంచెం ఓపిక పట్టి ఉండొచ్చు. ఎందుకు ఆగలేదు? తొందరా? ఉక్కపోతా? ఇంత చిన్న పనికి తడబడ్డానని పక్కనున్నవాళ్లు అనుకుంటారన్న నామోషీనా? మూడూ ఉన్నాయి, ఎక్కువ పాలు నామోషీదే. బలంగా అదిమి పీఠాన్ని కూర్చోబెట్టాను. పైకి చూస్తే లక్షణంగా ఉంది. తర్వాత తీసిన ఎక్స్‌రేలో మాత్రం కింది ఎముకకూ సిమెంటుకూ నడుమ సన్నని నల్లగీత కనిపించింది. అంటే సిమెంటు లోపలికి దిగలేదని అర్థం. ఆ గీతను నేను చూశాను. చూసి, ఫిలిమును కవరులో పెట్టేశాను.

ఉసేనమ్మ మూడో రోజుకే నడిచింది. ఊళ్లో మేళం ఒక్కటే తక్కువ! నేను ఆమెను చూడడానికి పోతే వాకిట్లోకి కుర్చీ పరిగెత్తుకొచ్చేది, ఎవరో భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపేవారు, చాయ్ వచ్చేది. ఆ ఊళ్లో నేను నిలబడి మాట్లాడిన రోజు లేదు. "నేల మీద మాత్రం కూసోవద్దు ఉసేనమ్మా" అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. అందుకోసం ఆమె పొయ్యిని గట్టు మీదికి ఎక్కించి, నిలబడి రొట్టెలు కొట్టడం నేర్చుకుంది. పొయ్యి ముందు పీట వేసుకోకుండా జొన్నరొట్టె కొట్టడం మా ఆడవాళ్లకు ఎంత కష్టమో మా వైపు వాళ్లకే తెలుస్తుంది.

రెండేళ్లు గడవకముందే కుంటుకుంటూ మళ్లీ వచ్చింది. ఎక్స్‌రేలో ఆ నల్లగీత లావెక్కింది. పీఠం ఒకవైపు ఒరిగింది. అప్పుడు నేను ఒక ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్న దగ్గరే నా తప్పంతా ఉంది.

"నేల మీద ఎప్పుడన్న కూసున్నవా ఉసేనమ్మా?"

ఎందుకడిగాను? జవాబు ఏదో ఒకటి దొరుకుతుందని తెలిసే అడిగాను. మా పాలమూరులో ఏడాది పొడుగునా నేల మీద కూర్చోని మనిషి ఎవరైనా ఉంటారా? ఎవరిని అడిగినా దొంగలా తల దించుకునే ప్రశ్న అది.

ఆమె తల దించుకుంది. "ఒక్కపారి కూసున్న సారూ. మా ఆడబిడ్డ బుచ్చమ్మ కొడుకు పెండ్లప్పుడు. చుట్టాలు నిండిరి, జర నాలుగు రొట్టెలు కొట్టియ్యి వదినె అని పీట ఏసింది. కాదనలేకపోతి."

"అగో. అదే," అన్నాను.

"థూ, నా బుద్ధి పాడుగాను! నువ్వు చిలక్కు చెప్పినట్ల చెప్పినవు. బంగారమసుంటి నీ పని ఖరాబు జేసిన. ఏమనుకోకు సారూ."

నన్ను ఏమనుకోవద్దని అడిగింది. నన్ను! నేను పెద్దమనిషిలా చెయ్యి ఊపి, "పోనీలే, మల్ల చేద్దాం" అన్నాను. సరిగ్గా అతికిన కీలు ఒక్కరోజు పీట మీద కూర్చుంటే ఊడదు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. సిమెంటు బిగుసుకోవడాన్ని పొరపాటు అనుకుందాం. ఎండాకాలం, కరెంటు, మామిడిపండ్లు, ఏదో ఒకటి అనుకుందాం. కానీ ఆ "అగో, అదే" అన్నది చల్లటి బుర్రతో, ఫ్యాను కింద కూర్చుని అన్నాను.

ఆమె అటునుంచి అటే బుచ్చమ్మ ఇంటికి పోయి వాకిట్లో నిలబడి, "నీ రొట్టెల మీద మన్నువడ! నా కాలు ఇరగ్గొట్టినవు గదనే" అని దుమ్మెత్తిపోసిందట. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. ఇద్దరి ఇళ్లూ ఒకే వాడలో ఎదురుబొదురు. పడుచు వయసులో ఒకే చేలో కలుపు తీసి, ఒకే సద్దిమూట విప్పుకుని తిన్న వదినా ఆడబిడ్డలు.

రెండో ఆపరేషన్ మా గురువుగారే చేశారు, హైదరాబాదులో. ఖర్చు నేనే చూసుకుంటానన్నాను. దానికి ఊరంతా నన్ను ధర్మాత్ముణ్ణి చేసింది, అది ఇంకో శిక్ష. గురువుగారికి సాయంగా నేనే నిలబడ్డాను. పాత పీఠాన్ని ఊడదీయడానికి ఉలి అక్కర్లేకపోయింది. వేళ్లతో లాగితే వచ్చేసింది. అడుగున సిమెంటు నున్నగా ఉంది, పెనం మీంచి తీసిన రొట్టెలాగా. ఎముకలోకి దిగి ఉంటే గరుకుగా ఉండాలి. ఆయన దాన్ని దీపం కింద తిప్పి చూశారు.

"ఎండాకాలంలో చేశావా?"

"అవును సార్."

అంతే. ఆ ముక్కను పళ్లెంలో పెట్టి మళ్లీ పనిలో పడ్డారు. తిడితే ఎంత బాగుండేదో.

ఆ రోజు నేను నేర్చుకున్నది చెప్పకుండా ఉండలేను, అది నా వృత్తి, దానిమీద నాకు ప్రేమ. ఊడిన పీఠం రెండేళ్లపాటు ఊగి ఊగి కింద ఎముకను తినేసింది. పైభాగం ఉప్పుమన్ను గోడలా ఉంది. అలాంటిదాని మీద మళ్లీ సిమెంటు పూసి కూర్చోబెడితే మళ్లీ ఊడుతుంది. కాబట్టి పట్టు లోతుకు పోవాలి. పీఠం కింద పొడుగాటి లోహపు కాడ ఒకటి బిగించి, కాలి ఎముక మధ్యలోని గొట్టంలోకి దించుతారు. దాన్ని నిలబెట్టడానికి రెండు దారులు. గొట్టమంతా సిమెంటు నింపి అందులో సన్నని కాడను దించడం ఒకటి. అది అప్పటికప్పుడే పట్టేస్తుంది, మెత్తబడిన ఎముకకు మంచిది, కానీ రేపు చీము పట్టి తీయవలసి వస్తే ఆ సిమెంటును తవ్వడం నరకం. గొట్టానికి సరిపోయేంత లావు కాడను పొడిగానే బిగించి, సిమెంటును పైభాగానికే పూయడం రెండోది. అవసరమైతే తీయడం తేలిక, కాకపోతే కొందరికి కాడ కొస తగిలేచోట పిక్క ఎముక సలుపుతుంది. గురువుగారు గొట్టాన్ని తొలిచి, కొలిచి, రెండోదే మేలన్నారు. ఒకపక్క ఎముక లోతుగా పోయిన చోట లోహపు చీల ఒకటి పెట్టించారు. గొడ్డలి కామ, అదే పిడి, వదులైతే మనం చీల కొట్టమూ, అలాగే.

తర్వాత నావైపు తిరిగి, "సిమెంటు నువ్వు కలుపు" అన్నారు.

చల్లని డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. కలిపాను. తొడుగుకు అంటుకోవడం మానిన క్షణాన ఆయన తల ఊపారు. నేను వేలితో ఒత్తాను, అది ఎముకలోకి సాఫీగా దిగింది. ఎంత సుళువైన పని! అంతే పని మా ఊళ్లో చేయలేకపోయానే అని మాస్కు వెనక ఏడ్చాను. చెమట అనుకున్నారు.

ఆ కాలు ఇప్పటికీ గట్టిగా ఉంది. అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. ఉసేనమ్మ నా దవాఖానకు ప్రచారకురాలైపోయింది. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా వరండాలో కుర్చీ వేసుకుని, కొత్తగా వచ్చిన మోకాళ్లవాళ్లందరికీ ఉపదేశం చేసేది. "సారు మాట ఇనకుంటే నా లెక్కనే రెండుసార్లు కోయిపిచ్చుకుంటరు! నా తప్పుకు సారు పరేషానయ్యిండు, పాపం." అమరచింత నుంచి, ఉప్పునుంతల నుంచి ఆమె మాట విని రోగులు వచ్చేవారు. నేను లోపల కూర్చుని అంతా వినేవాణ్ణి. ప్రతి ఎండాకాలం గంప వచ్చేది. తినేవాణ్ణా అంటారా? తిన్నాను. అబద్ధమెందుకు, లొట్టలేసుకుంటూ తిన్నాను. సిమెంటుకు మాత్రం వేరే ఫ్రిజ్ కొన్నాను. తాళం వేసి చెవి నా జంధ్యానికి కట్టుకున్నాను. దవాఖానలో అందరూ దాన్ని చూసి నవ్వుకునేవారు.

కొన్నేళ్లకు బుచ్చమ్మే వచ్చింది, తన మోకాలు పట్టుకుని. పరీక్ష బల్ల మీద పడుకుని మెల్లగా అంది: "నాకు జరంత బాగ చెయ్యి సారూ. మా వదినె కాలు నా పాపానే పోయింది. ఆ దినం నుంచి నేను గూడ పీట మీద కూసొని రొట్టె కొట్టలే." ఆమె మోకాలు దివ్యంగా చేశాను. నోరు మాత్రం తెరవలేదు. ఎందుకని? అప్పటికి నా పేరు మూడు తాలూకాల్లో పాకింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు, రేపు చెబితే ఇంకా ఎక్కువ అంటారు. ఇలా రోజుకో వాయిదా. మంచివాడినని అందరూ అంటుంటే, కాదని చెప్పడానికి ఎంత బద్ధకమో మీకు తెలియదు.

అప్పటి నుంచి ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవారు, వేర్వేరు రోజుల్లో. ఇద్దరూ పోయేముందు తలుపు దగ్గర ఆగేవారు. "బుచ్చమ్మ ఎట్లున్నది సారూ?" "మా వదినె మంచిగున్నదా?" ఎదురుబొదురు ఇళ్లవాళ్లు! క్షేమసమాచారం కోసం వనపర్తి దాకా బస్సెక్కి వచ్చి నన్నడిగేవాళ్లు. నేను నవ్వుతూ చెప్పేవాణ్ణి. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియదు.

నిరుడు వేసవిలో ఉసేనమ్మ గంపతో వచ్చింది. ఎప్పటిలా తలుపు దగ్గర ఆగింది. "బుచ్చమ్మకు చెవులు పోయినయంట గదా. ఇగ నేను పిలిచినా ఇనవడదేమో సారూ," అని నవ్వింది. నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నాకేమైందో తెలియదు. "నడువు, ఇంటి కాడ దించుత" అన్నాను. గంపను నా ఇంటికి పంపడం కూడా మరిచి, కారు వెనకసీటులో పెట్టించాను. కారు కోడేరు దారి పట్టింది. ఆ తర్వాత ఆగకుండా చెప్పేశాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పీట కాదు, రొట్టెలు కాదు, బుచ్చమ్మ కాదు. ఫ్రిజ్, పండ్లు, గోరువెచ్చటి సిమెంటు, నల్లగీత, అన్నీ.

ఆమె కిటికీలోంచి పల్లిచేల వైపు చూసింది.

"పిండి బిర్రుగైనంక రొట్టె కొట్టినవన్నట్టు," అంది. నావైపు తిరిగి, "ఆ దినమే ఎరుకనా నీకు?"

"ఎరుకనే."

తిడుతుందనుకున్నాను. ఓదారుస్తుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాను, అది ఇంకా సిగ్గుచేటు. ఆమె రెండూ చేయలేదు. ఊళ్లోకి రాగానే, "మా ఇంటి కాడ ఆపకు. బుచ్చమ్మ ఇంటి కాడ ఆపు," అంది.

బుచ్చమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఉసేనమ్మ గడప బయటే నిలబడి, కర్రతో నన్ను చూపి, "నువ్వే చెప్పు" అంది. చెప్పాను. బుచ్చమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇనొస్తలేదు సారూ, గట్టిగ చెప్పు" అంది. గట్టిగా చెప్పాను. "ఇంక గట్టిగ!"

ఇక లాభం లేదని రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాను. "మీ వదినె కాలు నేనే ఖరాబు జేసిన! నీ రొట్టెల తప్పు లేదు! సిమెంటు నేనే పాడు జేసిన! అబద్ధమాడిన!" వాడంతా బయటికొచ్చింది. పిల్లలు గోడలెక్కారు. ఎవరో అటుపక్క నుంచి "ఏంది లొల్లి?" అంటే ఇంకెవరో నా మాటల్ని ఉన్నవి ఉన్నట్టు అందించారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, కానీ ఛాతీలో గాలి ఆడుతోంది. చిత్రం, నాకు నవ్వొచ్చింది.

బుచ్చమ్మ నావైపు చూడలేదు. వదినను చూసింది. "నా రొట్టెలతోని గాదా?"

ఉసేనమ్మ కాదన్నట్టు చెయ్యి తిప్పింది.

"మరి ఆడనే నిలవడ్డవేందే? లోపటికి రారాదు!"

ఉసేనమ్మ గడప దాటింది. దాటి, నావైపు తిరక్కుండానే అంది: "కారుల గంపున్నది గద. ఇటు తే."

తెచ్చాను. భుజాన పెట్టుకుని తెచ్చి వాకిలి నడిమిట్లో దించాను. లోపలి నుంచి కుర్చీ పరిగెత్తుకొచ్చింది. ఎవరో తువ్వాలుతో దుమ్ము దులిపి, ఉసేనమ్మకు వేశారు. బుచ్చమ్మ గంపలో చెయ్యి పెట్టి ఒక పండు ఏరి, వాసన చూసి వదిన చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడసాగారు. ఒకామెకు వినబడదు, రెండో ఆమె ఆగదు.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు. చాయ్ రాలేదు. నాకూ ఆ వయసొచ్చింది కదా, మోకాళ్లు లాగడం మొదలుపెట్టాయి. అలాగే నిలబడ్డాను, చాలాసేపు.